హర్యానా చరిత్రను పానిపట్ దగ్గర ఆపకుండా చదవాలంటే

#1 ఎర్రమట్టి

హర్యానా చరిత్ర కోసం తెలుగులో ఏం వెతికినా కురుక్షేత్రం, మూడు పానిపట్ యుద్ధాలు, అక్కడితో సరి. 1966లో ఏర్పడ్డ రాష్ట్రం కాబట్టి అంతకుముందు జరిగిందంతా ఢిల్లీ ఖాతాలోనో పంజాబ్ ఖాతాలోనో వేసేస్తున్నారు. హరప్పా కాలం నుంచి 1966 దాకా ఆ నేలను ఒక వరుసలో పట్టుకోవాలంటే ఏ కొస నుంచి మొదలుపెట్టాలి? రాజుల పట్టిక వద్దండీ. ఊళ్లు ఎక్కడ నిలిచాయి, ఎందుకు పోయాయి, ఏ ఆధారంతో చెబుతున్నాం, అవి కావాలి.

#2 పూడికతీత

నీళ్ల వైపు నుంచి మొదలుపెట్టండి. హర్యానాకు ఏడాది పొడవునా పారే నది యమున ఒక్కటే, అదీ తూర్పు సరిహద్దులో. లోపలున్న ఘగ్గర్, మార్కండ, సర్‌సుతి, చౌతంగ్ అన్నీ శివాలిక్ కొండల్లో వాన పడితే పారే ఏళ్లు. పడమటికి పోయేకొద్దీ వాన తగ్గిపోతుంది, హిసార్, సిర్సా వైపు ఇసుక కనిపిస్తుంది, చాలాచోట్ల బావి తవ్వితే ఉప్పునీళ్లు. కాబట్టి ఊరు నిలవాలంటే ఏరు గట్టయినా ఉండాలి, కాలువయినా తవ్వాలి.

ఇప్పుడు పటం దగ్గర పెట్టుకుని చౌతంగ్ ఎండు పాయ వెంట వేలు పోనివ్వండి. పురాణాల దృషద్వతి ఇదేనని చాలామంది పండితులు అంటారు. హరప్పా కాలపు పెద్ద నగరం రాఖీగఢీ ఈ పాయ పక్కనే ఉంది. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ యమున నీళ్లు హిసార్‌కు తెచ్చినప్పుడు చాలా దూరం ఈ పల్లాన్నే వాడుకున్నాడు. బ్రిటిష్ వాళ్లు తిరగతోడిన పశ్చిమ యమునా కాలువలో హాన్సీ బ్రాంచి కూడా దాని వెంటే. నాలుగు వేల ఏళ్ల ఎడంతో మూడు వేర్వేరు రాజ్యాలు ఒకే పల్లాన్ని నమ్ముకున్నాయి. నా దృష్టిలో హర్యానా చరిత్రకు వెన్నెముక పానిపట్ కాదు, ఈ పాయ.

#3 ఎర్రమట్టి

రాఖీగఢీ డీఎన్‌ఏ గురించి, ఘగ్గరే సరస్వతా అన్నదాని గురించి ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తున్నారు. తేలినదేదో, తేలనిదేదో ఎవరైనా విడదీసి చెబుతారా?

#4 శాసనశాల

రెండూ వేరువేరు ప్రశ్నలు, కలిపితేనే గందరగోళం.

డీఎన్‌ఏ: 2019 సెప్టెంబర్‌లో వచ్చిన ఫలితం ఒకే ఒక్క స్త్రీ అస్థిపంజరానిది. రాఖీగఢీ శ్మశానవాటిక నుంచి 60కి పైగా నమూనాలు ప్రయత్నిస్తే చదవగలిగినంత డీఎన్‌ఏ దక్కింది ఆమెదొక్కటే. మన వేడికి, తేమకు ఎముకలో డీఎన్‌ఏ నిలవదు. ఆమెలో మధ్య ఆసియా గడ్డిమైదానాల వారి వారసత్వం కనిపించలేదు. తేలినది ఇంతే. ఒక మనిషి నుంచి ఒక నగరం మొత్తానికి, ఒక భాషకు లెక్క కట్టడం ఆ ఫలితం మోయగలిగిన బరువు కాదు.

నది: ఘగ్గర్ పాయ అడుగు ఇసుకను పరీక్షించి 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం సట్లెజ్ సుమారు 8,000 ఏళ్ల కిందటే ఆ పాయను వదిలేసింది. అంటే క్రీ.పూ. 2600–1900 నాటి పట్టణాలు మంచు కరిగి పారే పెద్ద నది పక్కన కాక, వదిలేసిన వెడల్పాటి లోయలో, వానల మీద ఆధారపడే ఏటి పక్కన కట్టారన్నమాట. వరద ఉద్ధృతి లేని లోయ కాబట్టే ఊళ్లు కుదురుగా నిలిచాయన్నది ఆ వాదన. 2019లో వచ్చిన మరో అధ్యయనం దిగువన నది ఇంకా చాలాకాలం నిండుగా పారిందంటుంది. ఈ తగవు ఇంకా తెగలేదు. పేరు తగిలించే తొందరలో ఈ అసలు సంగతి మరుగున పడుతోంది.

బనావలీ (ఫతేహాబాద్ జిల్లా) మాత్రం మర్చిపోవద్దు. అక్కడ దొరికిన మట్టి నాగలి బొమ్మ హరప్పా కాలపు సేద్యానికి చాలా అరుదైన ఆధారం. కర్ర నాగళ్లు మట్టిలో కలిసిపోతాయి కాబట్టి వాటి ఆకారం తెలిసేది ఇలాంటి బొమ్మలతోనే. కురుక్షేత్రం దగ్గర భగవాన్‌పురాలో 1975–76 తవ్వకాల్లో చివరి హరప్పా కుండలు, తర్వాతి కాలానివనుకునే చిత్రిత బూడిదరంగు కుండలు ఒకే పొరలో బయటపడ్డాయి. పాత పట్టణాలు పోయి ఎవరో కొత్తవాళ్లు వచ్చి ఖాళీ నేలలో దిగారన్న కథకు ఆ పొర అడ్డం పడుతుంది.

#5 టంకసాల

హర్షుడికి దూకే ముందు రెండు సంగతులు. మొదటిది టోప్రా (యమునానగర్ జిల్లా) అశోక స్తంభం. ఇప్పుడు ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్లా మీద ఉన్నది ఇదే. అశోకుడి ఏడో స్తంభ శాసనం ఈ ఒక్క స్తంభం మీదే ఉంది. బాటల పక్కన మర్రిచెట్లు నాటించాను, బావులు తవ్వించాను అని ఆయన చెప్పుకున్నది ఇందులోనే. నీళ్ల గురించి పూడికతీత గారు అన్నదానికి క్రీ.పూ. 3వ శతాబ్దపు సాక్ష్యం. దీని మీదే విక్రమ సంవత్ 1220 నాటి విగ్రహరాజు చౌహాన్ శాసనమూ ఉంది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించడంలో ఈ స్తంభం ప్రతులు ముఖ్యపాత్ర వహించాయి. ధర్మం, దండయాత్ర, లిపి పరిష్కారం మూడూ ఒకే రాతి మీద.

రెండోది యౌధేయులు. రాజు లేని గణరాజ్యం, రోహ్‌తక్ చుట్టూ. రోహ్‌తక్ ఖోఖ్రాకోట్ దిబ్బ మీద వాళ్ల నాణేల అచ్చుల ముక్కలు 1936లో బీర్బల్ సాహ్నీ కంటపడ్డాయి. శిలాజ వృక్షాల శాస్త్రవేత్త ఆయన, అయినా ఆ మట్టి ముక్కలను వదల్లేదు. పద్ధతి ఇదీ: మెత్తటి బంకమట్టి బిళ్లల మీద అసలు నాణేన్ని నొక్కి గుంటలు చేస్తారు. ఒక బిళ్ల బొమ్మవైపు, దాని మీది బిళ్ల బొరుసువైపు వచ్చేలా దొంతర పేరుస్తారు. దొంతర నడుమ ఒక బెజ్జం, అక్కడి నుంచి ఒక్కో గుంటకు సన్నని గాడి. దొంతరంతా మట్టితో మెత్తి కాల్చి, పైనుంచి కరిగిన లోహం పోస్తే గాడుల గుండా గుంటల్లోకి దిగుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాలి, వేరే దారి లేదు. అందుకే దిబ్బ మీద అన్ని పెంకులు. రెండు బిళ్లలు ఒక్క పిసరు జరిగినా బొమ్మ, బొరుసు పక్కకు పోతాయి, గాడిలో లోహం ముందే గడ్డకడితే నాణెం సగమే పడుతుంది. అలాంటి వంకర నాణేలను చూసి దొంగ నాణేలనుకోకూడదు, పోతపోసిన నాణేలకు అది సహజం.

తర్వాతి నాణేల మీద కార్తికేయుడు, "యౌధేయ గణస్య జయః" అన్న అక్షరాలు. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనంలో కప్పం కట్టినవారి వరుసలో యౌధేయులు ఉన్నారు. అదే శాసనంలో వేంగి హస్తివర్మ, పిష్టపుర మహేంద్రుడు కూడా ఉన్నారు. రోహ్‌తక్, పిఠాపురం ఒకే రాతి మీద పక్కపక్కన చదివే అవకాశం అది.

#6 పూడికతీత

టంకసాల గారు టోప్రా స్తంభం ఎత్తారు కాబట్టి దాన్ని ఎలా కదిలించారో కూడా చెప్పాలి. దాన్ని ఢిల్లీకి తెప్పించిన ఫిరోజ్ షా తుగ్లక్ చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ వివరంగా రాశాడు. ముందు చుట్టూ బూరుగు దూది గుట్టలుగా పరిచి, మొదలు తవ్వి, స్తంభాన్ని మెల్లగా ఆ దూది మీదికి వాల్చారు. తర్వాత దూది కొంచెం కొంచెంగా తీసేస్తూ నేలకు దించారు. రెల్లు, పచ్చి తోళ్లు చుట్టారు. 42 చక్రాల బండి కట్టి, ఒక్కో చక్రానికి ఒక మోకు, ఒక్కో మోకుకు 200 మంది. లెక్క వేస్తే 8,400 మంది. యమున ఒడ్డు దాకా లాగి, ధాన్యం మోసే పెద్ద పడవల మీద ఢిల్లీ చేర్చారు. 13 మీటర్ల ఏకశిల, ఎక్కడా చిట్లలేదు. దూది వాడటంలోని కిటుకు గమనించండి: తాళ్లతో వేలాడదీస్తే నడుమ వంగి విరుగుతుంది, దూది మీద పడితే బరువు పొడవునా సమానంగా ఆనుతుంది.

#7 ఎర్రమట్టి

ఈ తేదీలన్నీ ఎలా కలుపుకుంటున్నారు? ఒకచోట సంవత్, ఒకచోట హిజ్రీ, ఇంకోచోట హర్ష శకం. ఒకే సంఘటనకు రెండు పుస్తకాల్లో రెండు తేదీలు వస్తున్నాయి.

#8 శాసనశాల

హర్యానాకు ఈ పట్టు తప్పనిసరి. నోట్ చేసుకోండి.

విక్రమ సంవత్: చైత్రం నుంచి డిసెంబర్ దాకా 57 తీసేయాలి, జనవరి నుంచి ఫాల్గుణాంతం దాకా 56. 1783–84 నాటి పెద్ద కరువును అక్కడ "చాలీసా" అంటారు, సంవత్ 1840లో వచ్చింది కాబట్టి. మనవాళ్లు 1832–33 గుంటూరు కరువును నందన కరువు అన్నట్టే. హర్యానాలో చాలా ఊళ్లు చాలీసాలో పాడుబడి తర్వాత మళ్లీ కట్టినవి. ఊరి వయసు లెక్క కట్టేవాళ్లు దీన్ని చూడకపోతే తప్పులో పడతారు.

హర్ష శకం: 606 కలపాలి. పెహోవాలో ప్రతీహార భోజుడి కాలపు శాసనం హర్ష శకం 276, అంటే 882. గుర్రాల వ్యాపారులు అమ్మిన ఒక్కో గుర్రానికి ఇంత అని గుళ్లకు ఇవ్వడానికి తమలో తాము చేసుకున్న ఒప్పందం అది. వేర్వేరు ఊళ్ల వ్యాపారులు కలిసి సంతకు వచ్చేవారన్నమాట. హర్షుడు పోయి రెండు శతాబ్దాలు దాటినా ఆయన శకం ఆ నేల మీద వాడుకలో ఉందన్నది ఇంకో విశేషం.

హిజ్రీ: సంవత్సరాన్ని 33తో భాగించి, వచ్చినది అందులోంచి తీసేసి, 622 కలపండి. 932 ÷ 33 = 28.24. 932 – 28.24 + 622 = 1525.76. అంటే హిజ్రీ 932 మొదలైంది 1525 అక్టోబర్ ప్రాంతంలో.

వారం కూడా సరిచూడాలి. మొదటి పానిపట్ యుద్ధం శుక్రవారం, రజబ్ 8 అని బాబర్ రాసుకున్నాడు. పాఠ్యపుస్తకాల్లో 1526 ఏప్రిల్ 21 అని ఉంటుంది. అప్పటి జూలియన్ లెక్కలో శుక్రవారం వచ్చేది ఏప్రిల్ 20న. రోజు కట్టి చూసినా రజబ్ 8 ఏప్రిల్ 20కే వస్తుంది. 20 సరైనది.

ఇంకొకటి. 1761 జనవరి 14 మూడో పానిపట్ సంక్రాంతి రోజున జరిగిందని తరచూ రాస్తారు. సంక్రాంతి గ్రెగోరియన్ క్యాలెండర్‌లో ఒక్కచోట ఆగదు, శతాబ్దానికి ఒకటి రెండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 సంక్రాంతి. ఇంకో వంద ఏళ్లు వెనక్కి పోతే జనవరి 10 ప్రాంతానికి వస్తుంది. కాబట్టి యుద్ధం నాటికి పండగ వెళ్లిపోయింది.

#9 జమాబందీ

రెవెన్యూ కాగితాలు చూసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. 1858కి ముందు ఢిల్లీ, హిసార్ ప్రాంతాలు వాయవ్య రాష్ట్రాలు (నార్త్ వెస్టర్న్ ప్రావిన్సెస్) అనే బ్రిటిష్ పాలనా విభాగం కింద ఉండేవి, ఆ లెక్కల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) కనిపిస్తుంది. తెలంగాణ పహాణీలకు అలవాటుపడ్డవాళ్లు వెంటనే 590 కలిపేస్తారు. ఉత్తరాది ఫసలీకి 592 కలపాలి. 1948–49 హైదరాబాద్ లెక్కలో ఫసలీ 1358, ఉత్తరాదిలో 1356. రెండేళ్లు తేడా వస్తే కరువు సంవత్సరం కాస్తా పంట బాగా పండిన సంవత్సరమైపోతుంది.

#10 టంకసాల

హర్షుడి గురించి ఒక మాట. స్థానేశ్వరం (థానేసర్) నుంచి మొదలైన పుష్యభూతి వంశం అది. ఆయన కనౌజ్‌కు మారడంతో థానేసర్‌ను అందరూ మరిచిపోతారు. సోనీపత్‌లో దొరికిన ఆయన రాగి ముద్రలో వంశక్రమం ఉంది, తండ్రి, తాత పేర్లకు బాణుడి కావ్యం కన్నా అది గట్టి ఆధారం. ఆయనను నర్మద దాటనివ్వని చాళుక్య రెండో పులకేశి తమ్ముడే వేంగిలో తూర్పు చాళుక్య వంశాన్ని నిలిపిన కుబ్జ విష్ణువర్ధనుడు.

"హరియానా" అన్న పేరుకు పాత ఆధారాలూ ఢిల్లీలోనే దొరికాయి. బల్బన్ కాలపు పాలం బావి శాసనం ఈ దేశాన్ని ముందు తోమరులు, తర్వాత చౌహానులు, ఇప్పుడు శకరాజులు, అంటే సుల్తానులు ఏలుతున్నారంటుంది. సంవత్ 1384 (1328) నాటి సర్బన్ శాసనం హరియానా అనే దేశం భూమి మీద స్వర్గంలాంటిదని, ఢిల్లికా అనే పట్టణం అందులో తోమరులు కట్టిందని చెబుతుంది. హర్యానాను ఢిల్లీకి తోకగా చూసేవాళ్లకు ఈ శాసనం చూపించాలి. దాని లెక్కలో ఢిల్లీయే హర్యానాలో ఒక ఊరు.

#11 ఎర్రమట్టి

పూడికతీత గారూ, ఫిరోజ్ షా కాలువ ఎందుకు పూడిపోయింది? అంత కష్టపడి తవ్వినది నిలవకపోవడానికి కారణం ఏంటి?

#12 పూడికతీత

ఇది కాస్త పొడుగు, ఓపికగా చదవండి.

హిసార్ ఫిరోజా కట్టకముందు అక్కడ నీటికి ఎంత కటకటో అఫీఫ్ చెబుతాడు: ఇరాక్, ఖురాసాన్ నుంచి వచ్చే బాటసారులు ఎండాకాలంలో కూజా నీళ్లకు నాలుగు జీతళ్లు ఇచ్చేవారు. ఖరీఫ్ పండేది గానీ గోధుమ పండేది కాదు. సుల్తాన్ యమున నుంచి, సట్లెజ్ నుంచి కాలువలు తెప్పించాడు. రజివాహ్, ఉలుగ్‌ఖానీ అన్న పేర్లు వాటివే. రెండు పంటలు మొదలయ్యాయి. నీటి పన్ను వేయొచ్చా అని ఉలేమాను (ఇస్లాం ధర్మశాస్త్ర పండితులను) అడిగి, తవ్వించినవాడికి ప్రతిఫలం పొందే హక్కు ఉందని వాళ్లు తేల్చాక పదో వంతు "హక్-ఎ-శిర్బ్" వసూలు చేశాడు. ఏటా రెండు లక్షల టంకాలు వచ్చేవట.

ఇక పూడిక. యమున కొండ దిగి మైదానంలోకి అడుగుపెట్టే చోట కాలువ తల. అక్కడ వాలెక్కువ, నీళ్లతోపాటు గులకరాళ్లు, ఇసుక దొర్లుకుంటూ వస్తాయి. కాలువలోకి తిరగ్గానే వాలు తగ్గుతుంది, వేగం తగ్గుతుంది, మోసుకొచ్చింది అడుగున దిగిపోతుంది. పైగా తల దగ్గర పక్కా ఆనకట్ట లేదు. నది తగ్గాక రాళ్లతో అడ్డుకట్ట వేసి నీళ్లు మళ్లించాలి, వానాకాలం వరదకు అది కొట్టుకుపోతుంది, మళ్లీ వేయాలి. అడ్డుకట్ట, పూడికతీత ఈ రెండు పనులకూ ప్రతి ఏటా కూలీలు, డబ్బు, వాళ్లను రప్పించగల అధికారం కావాలి. రాజ్యం నీరసించగానే మొదట ఆగేది ఈ పనే. అందుకే కాలువ చరిత్ర ఆగుతూ సాగింది: ఫిరోజ్ షా తర్వాత పూడింది, అక్బర్ కాలంలో బాగుపడింది, షాజహాన్ కాలంలో అలీ మర్దాన్ ఖాన్ ఢిల్లీ దాకా తెచ్చాడు, 18వ శతాబ్దంలో మళ్లీ ఎండింది.

బ్రిటిష్ వాళ్లు 1817లో మొదలుపెట్టి 1820 నాటికి ఢిల్లీకి నీళ్లు తెచ్చారు. డబ్బు మిగల్చడానికి పాత కాలువ దారినే బాగుచేశారు. చాలాచోట్ల ఆ దారి పల్లాల వెంట పోతుంది. పల్లంలో గట్లు కట్టి నీళ్లు పారిస్తే రెండు చెడుపులు. వాననీరు బయటికి పోయే సహజమైన దారి మూసుకుపోతుంది. కాలువ ఊటకు భూగర్భజలం పైకి లేచి, నేల లోపలి ఉప్పును తెచ్చి, ఆవిరై ఉప్పును పైన వదిలేస్తుంది. మనం చౌడు అంటాం, అక్కడ రేహ్, కల్లర్ అంటారు. కర్నాల్, పానిపట్ చుట్టూ మంచి పొలాలు చౌడు బారాయి, ఊళ్లలో జ్వరాలు పట్టుకున్నాయి. కర్నాల్ సైనిక స్థావరాన్ని 1843కల్లా ఖాళీ చేసి అంబాలాకు మార్చేశారు.

దోమ సంగతి ఎవరికీ తెలియని కాలం అది. అయినా బేకర్, డెంప్‌స్టర్, యూల్ అనే ముగ్గురి సంఘం 1847లో ఇచ్చిన నివేదిక చదవదగ్గది. డాక్టర్ డెంప్‌స్టర్ ఊరూరా జనం పొట్ట తడిమి ప్లీహం వాచినవాళ్లను లెక్కించాడు. కాలువ ఉన్న ఊరు, లేని ఊరు, బంకమట్టి, ఇసుకనేల, మురుగు పోయే వీలు, ఇలా పోల్చి చూస్తే తేలింది: జ్వరానికి కాలువ ఒక్కటే కారణం కాదు, నీరు నిలిచిన బంకనేలలో కాలువ ఉంటేనే చేటు. మలేరియా తీవ్రతను ప్లీహంతో కొలిచే పద్ధతికి నాంది ఇదే.

మందు కూడా అందులోనే ఉంది. కాలువ పల్లంలో కాదు, రెండు ఏళ్ల మధ్య మెరక వెంట పోవాలి. అప్పుడు నీళ్లు రెండు వైపులా వాటంగా దిగుతాయి, వాననీటికి అడ్డం ఉండదు. 1870ల్లో ఆ ప్రకారం దారి మార్చారు, తాజేవాలా దగ్గర పక్కా కట్టడం వచ్చింది. దాని పని ఇప్పుడు 1990ల చివర్లో కట్టిన హత్నీకుండ్ బరాజ్ చేస్తోంది. పాడైన పొలాలకు మాత్రం ఆ మార్పు చాలా ఆలస్యం.

#13 కవాతు

నీళ్ల లెక్కతోనే యుద్ధాలూ అర్థమవుతాయి. వాయవ్యం నుంచి వచ్చే సైన్యానికి ఉత్తరాన శివాలిక్ అడవి, దక్షిణాన నీళ్లులేని ఇసుక. గుర్రాలకు మేత, నీళ్లు దొరికే దారి మధ్యలో సన్నటి పట్టీ. అంబాలా, థానేసర్, కర్నాల్, పానిపట్ దాని మీదే ఉన్నాయి. తరాయిన్ (1191, 1192), కర్నాల్ (1739, నాదిర్ షా), పానిపట్ (1526, 1556, 1761) అన్నీ ఈ పట్టీలోనే ఎందుకంటే ఇదే. పెద్ద సేనకు ఇంతకన్నా సులువైన దారి లేదు.

1526లో బాబర్ పానిపట్ ఇళ్లను కుడివైపు అండగా పెట్టుకున్నాడు, ఎడమన కందకం తవ్వి కొట్టేసిన చెట్లు పడేశాడు. ముందు 700 బళ్లు, పచ్చితోలు మోకులతో ఒకదానికొకటి కట్టి, బండికీ బండికీ నడుమ ఐదారు తడికలు, వాటి చాటున వత్తి తుపాకుల వాళ్లు. అక్కడక్కడ వందా రెండొందల రౌతులు ఒక్కసారిగా బయటికి దూకేంత ఖాళీలు. ఫిరంగులు ఉస్తాద్ అలీ కులీవి. ఇబ్రహీం లోడీ సేన వేగంగా వచ్చింది, ఎదుట ఇరుకు కనిపించి ముందు వరుస ఆగింది, వెనకవాళ్లు ఆగలేదు. గుంపు బిగుసుకుపోయాక రెండు కొసల నుంచి తురగ దళాలు చుట్టి వెనక నుంచి బాణాలు వేశాయి. ఏనుగులకు తిరగడానికి చోటు లేదు. ఫిరంగుల వల్లే గెలిచాడన్న మాట సగమే నిజం, ఇరుకులోకి లాగడమే ఆ పథకానికి ప్రాణం.

1556లో రేవారీకి చెందిన హేముకు ఏనుగులున్నాయి. ముందుగా పంపిన ఫిరంగి దళం అసలు యుద్ధానికి ముందే మొగలుల చేతికి చిక్కింది. అయినా నవంబర్ 5న గెలుపు అంచు దాకా వచ్చాడు, కంట్లో బాణం దిగింది, ఏనుగు మీద నాయకుడు కనబడకపోయేసరికి సేన చెదిరింది.

#14 జమాబందీ

మూడోదానికి మీ అభిప్రాయం? మరాఠా సేనాని సదాశివరావు భావు ఓటమికి గార్దీల (ఫ్రెంచి కవాతు నేర్చిన కాల్బలం) గోళాకార వ్యూహం పనికిరాకపోవడమే కారణమని కొందరంటారు.

#15 కవాతు

వ్యూహం చెడ్డది కాదండీ, దాన్ని నిలబెట్టలేదు. ఇబ్రహీం ఖాన్ గార్దీ హైదరాబాద్ నిజాం కొలువులో బుస్సీ దగ్గర ఫ్రెంచి కవాతు నేర్చినవాడు. బుస్సీ సేన జీతాలకే 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులను రాసిచ్చారని తెలుగువాళ్లకు తెలుసు. మన సర్కారుల శిస్తుతో పెరిగిన ఆ కవాతు విద్య చివరికి పానిపట్ మైదానం చేరింది.

ఆ పద్ధతిలో కాల్బలం, తోపులు బయట గోడలా నడవాలి, రౌతులు లోపల ఆగాలి. గార్దీ దళం తుపాకులతో, సన్నీలతో (తుపాకీ కొసన బిగించే బాకులతో) అబ్దాలీ పక్షాన ఉన్న రోహిల్లాలను బాగా దెబ్బతీసింది. సరిగ్గా అప్పుడే ఎడమవైపు వించూర్కర్, గాయక్వాడ్ రౌతులు వరుస తప్పి ముందుకు దూకారు. సొంత తోపులకు వాళ్లే అడ్డం వచ్చారు, చెదిరి వెనక్కి వచ్చాక గార్దీ పక్క ఖాళీ అయింది. గుర్రపు సేనకు ఆగడం నేర్పకుండా కాల్బలానికి నడవడం నేర్పితే చాలదు. అబ్దాలీ మాత్రం తాజా దళాలను మధ్యాహ్నం దాకా దాచుకున్నాడు, ఒంటెల మీది జంబూరక్ తోపులను ఎటు కావాలంటే అటు తిప్పాడు.

#16 పూడికతీత

కవాతు గారితో ఒకచోట విభేదిస్తాను. జనవరి 14 నాటికే ఓటమి ఖాయమైంది. అక్టోబర్ చివర్లో అబ్దాలీ బాగ్‌పత్ దగ్గర యమున దాటి ఢిల్లీకీ మరాఠా శిబిరానికీ మధ్య కూర్చున్నాడు. నవంబర్ మొదలు నుంచి రెండున్నర నెలలు. కుంజ్‌పురాలో దొరికిన ధాన్యం అయిపోయింది, గంగా యమునల నడుమ ఉన్న దోఆబ్ నుంచి ధాన్యం పంపే గోవింద్‌పంత్ బుందేలే డిసెంబర్‌లో చనిపోయాడు. శిబిరంలో యాత్రికులు, కుటుంబాలు, బజారు జనం. గుర్రాలకు మేత లేదు. మేత లేని గుర్రంతో ఆగినా ఒకటే, దూకినా ఒకటే. ఆ ఉదయం వాళ్లు బయటికి వచ్చింది గెలవడానికి కన్నా ఆ దిగ్బంధం ఛేదించడానికి.

#17 కవాతు

దిగ్బంధం సంగతి ఒప్పుకోవాల్సిందే. కానీ అదే ఆకలి సేన మధ్యాహ్నం దాకా అబ్దాలీ సేన మధ్యభాగాన్ని వెనక్కి నెట్టింది. కాబట్టి ఖాయం అన్న మాట నేను అనను.

#18 ఎర్రమట్టి

1761 తర్వాత 1857 దాకా ఎవరి చేతిలో ఉంది? ఆ వంద ఏళ్లు ఎక్కడా దొరకడం లేదు.

#19 జమాబందీ

ఒకరి చేతిలో లేదు, అందుకే దొరకదు. పడమట భట్టీలు, ఉత్తరాన సిక్కు సర్దారులు, మధ్యలో మరాఠాలు, ఎవరికీ కట్టని జాట్ పల్లెలు. పైన చెప్పిన చాలీసా కరువు సరిగ్గా ఈ సందులో వచ్చి పడింది. 1790ల చివర్లో జార్జ్ థామస్ అనే ఐరిష్ నావికుడు హాన్సీని రాజధాని చేసుకుని సొంత రూపాయి కొట్టించాడు, 1801 చివర్లో సింధియా సేన అతన్ని ఓడించింది. 1803 డిసెంబర్ 30న సుర్జీ అంజన్‌గావ్ ఒప్పందంతో ఈ నేల కాగితం మీద కంపెనీకి వచ్చింది, నిజంగా లొంగడానికి మరికొన్నేళ్లు పట్టింది.

1857లో రేవారీ రావ్ తులారామ్, ఝజ్జర్ నవాబు అబ్దుర్ రహమాన్ ఖాన్, బల్లభ్‌గఢ్ రాజా నాహర్ సింగ్ ముఖ్యులు. నవంబర్ 16న నార్నౌల్ దగ్గర నసీబ్‌పూర్ యుద్ధంలో బ్రిటిష్ సేనాని జెరార్డ్ చనిపోయినా గెలుపు బ్రిటిష్ వాళ్లదే. నవాబును డిసెంబర్ 23న, నాహర్ సింగ్‌ను 1858 జనవరి 9న ఢిల్లీలో ఉరితీశారు. తులారామ్ 1863లో కాబూల్‌లో చనిపోయాడు.

అసలు శిక్ష తర్వాత పడింది. 1858లో ఢిల్లీ, హిసార్ విభాగాలను వాయవ్య రాష్ట్రాల నుంచి తెంపి పంజాబ్‌కు కలిపారు. ఝజ్జర్, దాద్రీ నవాబుల భూములను తమకు సాయపడ్డ సంస్థానాలకు పంచారు: నార్నౌల్ పటియాలాకు, దాద్రీ జీంద్‌కు, బావల్ నాభాకు. పక్కపక్క ఊళ్లు నాలుగు పాలనల కిందికి పోయాయి. భాష వేరు, సాగు వేరు, రాజధాని లాహోర్. ఈ రాష్ట్రానికి పేరు దక్కడానికి వంద ఏళ్లు పట్టడానికి కారణం ఇక్కడుంది.

#20 ఎర్రమట్టి

అయితే 1966లో సరిహద్దు ఎలా గీశారు? పాత కాగితాలు ఎక్కడ వెతకాలి?

#21 జమాబందీ

నార్నౌల్, జీంద్ వంటివి 1948లో పెప్సూలో (పటియాలా, తూర్పు పంజాబ్ సంస్థానాల సమాఖ్య) చేరాయి. 1956 నవంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజే, పెప్సూ పంజాబ్‌లో కలిసింది. సరిగ్గా పదేళ్లకు, 1966 నవంబర్ 1న హర్యానా.

జస్టిస్ జె.సి. షా సంఘం సరిహద్దు చూసింది. ఖరార్ తహసీల్‌ను చండీగఢ్‌తో సహా హర్యానాకు ఇవ్వాలని సంఘంలో ఎక్కువమంది అన్నారు, కేంద్రం చండీగఢ్‌ను కేంద్రపాలిత ప్రాంతం చేసింది. చట్టంలో చివరికి వచ్చినవి: హిసార్, రోహ్‌తక్, గుర్గావ్, కర్నాల్, మహేంద్రగఢ్ జిల్లాలు మొత్తంగా. సంగ్రూర్ జిల్లా నుంచి జీంద్, నర్వానా తహసీళ్లు. అంబాలా జిల్లా నుంచి అంబాలా, జగాధ్రీ, నారాయణ్‌గఢ్ తహసీళ్లు. ఖరార్ తహసీల్ నుంచి పింజోర్ కానూంగో సర్కిల్ (తహసీల్ లోపలి రెవెన్యూ విభాగం), మనీమాజ్రా సర్కిల్‌లో కొన్ని ఊళ్లు. మొదట ఏడు జిల్లాలే.

కాగితాలకు వచ్చేసరికి ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే ఏమీ దొరకదు. ఫతేహాబాద్, సిర్సా, భివానీ ఊళ్లకు పాత హిసార్ గెజిటీర్ చూడండి. ఝజ్జర్‌కు రోహ్‌తక్. సోనీపత్‌కు 1912కి ముందువైతే ఢిల్లీ, తర్వాతవైతే రోహ్‌తక్. పానిపట్, కురుక్షేత్రాలకు కర్నాల్. నార్నౌల్ ఊళ్లకు పటియాలా సంస్థానం, దాద్రీకి జీంద్ సంస్థానం, బావల్‌కు నాభా సంస్థానం. 1858కి ముందువైతే పంజాబ్ దస్త్రాలు కాకుండా ఢిల్లీ రెసిడెన్సీ, వాయవ్య రాష్ట్రాల దస్త్రాలు తీయాలి, వాటిలో ఫసలీ సంవత్సరానికి 592 కలపాలి.